తాడు విప్పకముందు



వేడిగాలి బెలూనులో తొలిసారి ఎక్కబోయే వ్యక్తికి కలిగే బెదురు ఎటువంటిదో, దానిని ఏ పద్ధతిలో తగ్గించుకోవచ్చునో వివరించడం ఈ ప్రసంగం ఉద్దేశం. చెప్పదలచిన ముఖ్యమైన మాట ఒక్కటే: బెదురు పూర్తిగా పోయాక ఎక్కుదామని ఎదురుచూస్తే అది ఎన్నటికీ పోదు, దానిని మెట్టుమెట్టుగా అలవాటు చేసుకోవాలి. ఆ మెట్లన్నీ బెలూను తాడు విప్పకముందే, నేల మీదనే ఉన్నాయి.

కృష్ణా డెల్టాలోని పామర్రు కూడలిలో నిలబడి బందరు వైపు చూసినా, గుడివాడ వైపు చూసినా, కూచిపూడి, మొవ్వ మీదుగా చల్లపల్లి, అవనిగడ్డల వైపు చూసినా కంటికి ఆనేది చదును నేలే. వరిచేలు, మురుగు కాలువలు, గట్ల వెంట తాటిచెట్లు, మధ్యలో ఒక గాలిగోపురమో, ఊరి మంచినీళ్ల ట్యాంకో, ఈమధ్య లేచిన సెల్ టవరో తప్ప దివిసీమ కొస దాకా ఎత్తు అని చెప్పుకోదగినది కనిపించదు. కొండప్రాంతంలో పుట్టిన పిల్లలకు లోయలోకి తొంగిచూడటం చిన్ననాడే అలవడుతుంది. డెల్టా దిగువన పుట్టినవారిలో మాత్రం, తాళ్లెక్కే గీత కార్మికులను మినహాయిస్తే, చాలామంది నిజమైన ఎత్తు నుంచి కిందికి చూసేది నడివయసులో ఏ తిరుపతి యాత్రకో, పిల్లలుండే నగరానికో వెళ్లినప్పుడే. అందువల్ల ఇక్కడివారికి బెలూను పేరెత్తగానే కలిగే బెదురులో పెద్ద వంతు అలవాటు లేకపోవడం నుంచి పుట్టినదని గ్రహించాలి.

ఎక్కే అవకాశాలు మాత్రం పూర్వం కంటే పెరిగాయి. 2017 నవంబరులో, మళ్లీ 2019 జనవరిలో అరకు లోయలో బెలూను ఉత్సవాలు జరిగాయి. వాటిలో దేశదేశాల పైలట్లు పాల్గొన్నారు. రాజస్థాన్‌లోని జైపూర్, మహారాష్ట్రలోని లోనావాలా వంటి చోట్ల పర్యాటకులను ఎక్కించుకునే బెలూన్లు ఉన్నాయి. అమెరికాలో స్థిరపడిన పిల్లల దగ్గరికి ఆరు నెలలకు వెళ్లే గుడివాడ, ఉయ్యూరు, చల్లపల్లి ప్రాంతాల తల్లిదండ్రులను ఆ పిల్లలు తిప్పి చూపించగల వింతల్లో న్యూమెక్సికో రాష్ట్రపు అల్బుకర్కీ బెలూను ఉత్సవం ఒకటి. 1972లో ఒక దుకాణ సముదాయపు కార్ల స్థలంలో పదమూడు బెలూన్లతో మొదలైన ఆ ఉత్సవం ఇప్పుడు ఏటా అక్టోబరులో జరుగుతుంది, వందలాది బెలూన్లు ఒకే ఉదయం లేస్తాయి. "అమ్మా, నీకూ టికెట్టు తీశాను" అని కొడుకు చెప్పిన క్షణం నుంచి ఆ తల్లికి నిద్ర పట్టదు. ఈ ప్రసంగం ముఖ్యంగా అటువంటివారి కోసం.

మొదట గమనించవలసింది, ఈ బెదురులో రెండు రకాలు కలిసిపోయి ఉంటాయన్నది. ఒకటి శరీరానికి కలిగే బెదురు. గుండె దడ, అరచేతుల్లో చెమట, కాళ్లలో వణుకు, కడుపులో తిప్పినట్లుండటం దాని లక్షణాలు. రెండవది, పైకి బెదురులా కనిపించినా నిజానికి జవాబు దొరకని ప్రశ్న. మంట ఆరిపోతే ఏమవుతుంది, గాలికి ఎక్కడికో కొట్టుకుపోతే ఎలా, ఎక్కడ దిగుతుంది అన్నవి ఈ రెండవ రకానికి చెందినవి. శరీరపు బెదురు తర్కంతో తగ్గదు, అలవాటుతోనే తగ్గుతుంది. ప్రశ్న అలవాటుతో తీరదు, తెలిసినవారు చెప్పే జవాబుతోనే తీరుతుంది. ఇంట్లోవాళ్లు సాధారణంగా ఈ రెండింటినీ ఒకే గాట కట్టి "ఏం కాదులే, పద" అంటారు. ఆ మాట ప్రశ్నకు జవాబూ కాదు, శరీరానికి అలవాటూ నేర్పదు. ధైర్యం చెబుతున్నామనుకునేవారు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే.

ప్రశ్నల సంగతి ముందు చూడాలి. అందుకు బెలూను పనిచేసే తీరు కొంత తెలియాలి. పైన ఉండే పెద్ద గుడ్డ సంచిని ఎన్వలప్ అంటారు. దానిని గట్టి నైలాన్ వంటి గుడ్డతో కుడతారు, మంటకు దగ్గరగా ఉండే అడుగు అంచుకు మాత్రం నిప్పంటుకోని ప్రత్యేకమైన గుడ్డ వాడతారు. దాని కింద మనుషులు నిలబడే పేము బుట్ట ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు విరగకుండా వంగి సర్దుకునే గుణం పేముకు ఉండటం వల్ల, ఎన్ని కొత్త పదార్థాలు వచ్చినా ఈ పాత పదార్థాన్నే చాలామంది తయారీదారులు వదలకుండా వాడుతున్నారు. బుట్టకు పైన, తలలకు కొంచెం ఎత్తులో, ప్రొపేన్ గ్యాసుతో మండే బర్నర్ ఉంటుంది. వంటింటి సిలిండర్లో ఉండే గ్యాసులోనూ ప్రొపేన్ ఒక భాగమే కనుక ఇది బొత్తిగా పరాయి వస్తువేమీ కాదు.

గాలి వేడెక్కితే పలచబడుతుంది. ఇరవై డిగ్రీల చలి ఉదయం ఒక ఘనమీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగుతుంది, వంద డిగ్రీలకు వేడి చేస్తే అదే ఘనమీటరు గాలి 0.95 కిలోలే తూగుతుంది. అంటే ఘనమీటరుకు పావుకిలో తేలిక. మూడు వేల ఘనమీటర్ల సంచిలో ఆ పావుకిలోలన్నీ కలిస్తే దాదాపు ఏడువందల యాభై కిలోలను పైకెత్తే బలం వస్తుంది. అందులో గుడ్డ, బుట్ట, బర్నర్, సిలిండర్ల బరువు పోగా మిగిలినది పైలటునూ మరి ముగ్గురు నలుగురినీ మోస్తుంది. ఇందులో దాగిన మర్మం ఏదీ లేదు. బయటిగాలి ఎంత చల్లగా ఉంటే ఈ తేడా అంత పెరుగుతుంది కాబట్టి చలికాలపు ఉదయాలు బెలూనుకు అనుకూలం.

మంట ఆగితే బెలూను రాయిలా పడిపోతుందేమోనన్నది అందరూ అడిగే ప్రశ్న. అసలు మంట ఎడతెగకుండా మండదు. పైలట్ కొన్ని సెకన్లు మండించి, కొంతసేపు ఆపి, మళ్లీ మండిస్తూ ఉంటాడు. అంత పెద్ద సంచిలోని వేడిగాలి ఒక్కసారిగా చల్లారదు, మెల్లగా చల్లారుతుంది, బెలూను కూడా దానితోపాటే మెల్లగా కిందికి దిగడం మొదలుపెడుతుంది. ప్రయాణికులను మోసే బెలూన్లలో సాధారణంగా ఒకటికి మించిన బర్నర్లు, ఒకటికి మించిన సిలిండర్లు ఉంటాయి. త్వరగా దిగవలసి వస్తే సంచి నెత్తిన గుండ్రటి గుడ్డ మూత ఒకటి ఉంటుంది, తాడు లాగితే అది తెరుచుకుని వేడిగాలి బయటికి పోతుంది. కుడికీ ఎడమకూ తిప్పే చుక్కాని మాత్రం బెలూనుకు లేదు. పైలట్ చేతిలో ఉన్నది పైకి లేవడం, కిందికి దిగడం మాత్రమే. అయితే వేర్వేరు ఎత్తుల్లో గాలి వేర్వేరు దిక్కులకు వీస్తుంది కనుక, తనకు కావలసిన దిక్కుకు వీచే పొరను వెతుక్కుని అందులోకి చేరడమే అతని నేర్పు.

ఈ గాలి పొరల సంగతి బందరువారికి కొత్త కాదు. బందరు వాతావరణ కేంద్రం నుంచి రోజూ చిన్న పరికరం కట్టిన బెలూను ఒకటి ఆకాశంలోకి వెళుతుంది, పైకి పోతున్నకొద్దీ ఏ ఎత్తున ఎంత వేడి, ఎంత తేమ, ఎటునుంచి గాలి ఉన్నాయో ఆ పరికరం కిందికి తెలియజేస్తూ ఉంటుంది. అది మనిషి ఎక్కే వేడిగాలి బెలూను కాదు, హైడ్రోజన్ వంటి తేలిక వాయువుతో లేచేది. మనుషుల్ని ఎక్కించే పైలట్ కూడా బయలుదేరే ముందు చేతిలో పట్టేంత చిన్న బెలూనును వదిలి, అది ఏ ఎత్తున ఎటు మళ్లుతుందో కళ్లతో చూసి గాలిని అంచనా వేస్తాడు.

ఇక శరీరపు బెదురు. మేడ మీద పిట్టగోడ దగ్గర నిలబడి కిందికి చూస్తే కళ్లు తిరిగే మనిషి, అంతకు వంద రెట్ల ఎత్తు ఎలా భరించగలడని అనుకోవడం సహజం. విచిత్రమేమిటంటే, మేడ మీద కళ్లు తిరిగేవారిలోనే చాలామంది బెలూనులో కుదురుగా ఉండగలిగామని చెబుతారు. దానికి వివరణగా చెప్పే కారణం ఉంది. మేడ మీద నిలబడినప్పుడు గోడ అంచు కాళ్ల దగ్గర నుంచి నేల దాకా ఏకధాటిగా దిగిపోతుంటే కన్ను ఆ గీత వెంట జారి లోతును కొలుస్తుంది. బెలూనుకూ నేలకూ మధ్య అటువంటి గీత ఏదీ ఉండదు, నేల విడిగా, దూరంగా, పటంలా కనిపిస్తుంది. దానికితోడు బుట్ట అంచు పెద్దవాళ్లకు నడుము దాటి ఉంటుంది. బెలూను గాలితోపాటే పోతుంది కాబట్టి ముఖానికి గాలి కొట్టడం, బుట్ట ఊగడం దాదాపు ఉండవు. బర్నర్ ఆగిన మరుక్షణం ఎంత నిశ్శబ్దమంటే కింద ఊళ్లో కుక్కల అరుపులు, కోడికూతలు స్పష్టంగా వినిపిస్తాయి. అయితే ఇది అందరికీ ఒకేలా ఉంటుందని హామీ ఇవ్వడం తప్పు. కొందరికి బుట్టలోనూ కళ్లు తిరుగుతాయి. అందుకే మెట్ల పద్ధతి అవసరం.

మెట్ల పద్ధతిని వైద్యంలో ఒక క్రమంలో పెట్టినవారిలో దక్షిణాఫ్రికా మానసిక వైద్యుడు జోసెఫ్ వోల్పే ముఖ్యుడు, 1958లో ఆయన గ్రంథం వెలువడింది. భయపెట్టే విషయాన్ని అతి తక్కువ భయం నుంచి అతి ఎక్కువ భయం దాకా వరుసగా విడగొట్టి, ఒక్కొక్క దానిని శరీరం సడలి ఉన్న స్థితిలో ఎదుర్కొంటూ పోవడం ఆ పద్ధతి సారాంశం. ఇందులో శ్రోతలు గట్టిగా పట్టుకోవలసిన సూత్రం ఒకటుంది. దడ బాగా హెచ్చినప్పుడు పారిపోతే, పారిపోవడం వల్లనే బతికామని శరీరం నేర్చుకుంటుంది, తరువాతిసారి బెదురు ఇంకా పెరుగుతుంది. దడ తగ్గేదాకా అక్కడే నిలిచి, తగ్గాక దిగితే, ఇక్కడ ప్రమాదమేమీ లేదని శరీరం నేర్చుకుంటుంది. కనుక మెట్టు ఎంత చిన్నదైనా పరవాలేదు, దడ తగ్గాక మాత్రమే ఆ మెట్టు దిగాలి. ఈ మాట మరొకసారి: దడ తగ్గాక దిగాలి, దడలో దిగకూడదు.

డెల్టా గ్రామాల్లో పిల్లలు కాలువలో ఈత నేర్చుకునే తీరు సరిగ్గా ఈ సూత్రం మీదనే నడిచింది. ఎండిన సొరకాయ బుర్రనో, బెండ్లనో నడుముకు కట్టి, మేనమామో పెదనాన్నో నడుములోతు నీళ్లలో నిలబడి, ముందు రేవు మెట్టు పట్టుకుని కాళ్లాడించమనేవాడు. అది అలవాటయ్యాక చేయి అందించి రెండు బారలు రమ్మనేవాడు. ఆ తరువాత బుర్ర ఉండగానే చేయి వదిలేవాడు. బుర్ర విప్పడం అన్నిటికంటే చివర జరిగే పని. మొదటిరోజునే పిల్లవాడిని నడికాలువలోకి తోసినవాళ్లూ ఉన్నారు, ఆ పిల్లల్లో కొందరు ముసలివాళ్లయ్యాక కూడా రేవులోకి దిగరు. బెలూను విషయంలో సొరబుర్ర స్థానంలో ఉండేది నేలకు కట్టిన తాడు.

ఆశ్చర్యకరమైన సంగతి ఏమిటంటే, ప్రపంచంలో మొట్టమొదట బెలూను ఎక్కినవారు కూడా ఈ మెట్లన్నీ ఎక్కే వెళ్లారు. ఫ్రాన్సు దేశంలో కాగితపు పరిశ్రమ నడిపే కుటుంబానికి చెందిన మోంగోల్ఫియర్ సోదరులు 1783 జూన్ 4న అనోనే పట్టణంలో మనుషులు లేని బెలూనును జనం ఎదుట ఎగరేశారు. అదే సంవత్సరం సెప్టెంబరు 19న వెర్సాయ్ రాజప్రాసాదం ముందు ఒక గొర్రెను, ఒక బాతును, ఒక కోడిపుంజును ఎక్కించి పంపారు. పైగాలిలో ప్రాణి బతుకుతుందా అన్న సందేహం ఆనాటిది, ఆ మూడూ ప్రాణాలతో దిగాయి. తరువాతి మెట్టు మనిషి. అప్పుడు పిలాత్ర్ ద రోజియే అనే యువకుడు అక్టోబరు 15న పారిస్‌లో తాళ్లతో నేలకు కట్టిన బెలూనులో ఎనభై అడుగుల ఎత్తుకు లేచాడు, అంటే ఒక ముదురు తాటిచెట్టు ఎత్తుకు. ఆ తాళ్ల అభ్యాసం మరికొన్ని సార్లు జరిగాకనే, నవంబరు 21న అతడు, మార్కీ ద అర్లాండ్ కలిసి తాడు లేకుండా పారిస్ నగరం మీదుగా సుమారు 25 నిమిషాలు ప్రయాణించారు. మన దేశంలోనూ క్రమం ఇదే. 1889లో కలకత్తాలో రామచంద్ర చటర్జీ మొదట పెర్సివల్ స్పెన్సర్ అనే ఆంగ్లేయునితో కలిసి గ్యాసు బెలూనులో లేచాడు, ఆ తరువాతనే ఒంటరిగా ఎక్కాడు. చరిత్ర పుస్తకాలు సాహసం అని పేరుపెట్టిన పనుల వెనుక ఇంత జాగ్రత్త ఉందని ఎవరూ పిల్లలకు చెప్పరు.

రికార్డులు సృష్టించినవారిని ఉదాహరణగా చూపి ధైర్యం చెప్పడం ఇంకొక ఆనవాయితీ. 2005 నవంబరు 26న విజయపత్ సింఘానియా 67 ఏళ్ల వయసులో ముంబయిలో బయలుదేరి 21 కిలోమీటర్ల ఎత్తుకు వేడిగాలి బెలూనులో వెళ్లి ప్రపంచ రికార్డు నెలకొల్పిన మాట నిజం. అయితే ఆయన కూర్చున్నది గాలి పీడనం కాపాడే మూసిన గదిలో, ఆ ప్రయాణం వెనుక దీర్ఘమైన సన్నాహం ఉంది. తొలిసారి ఎక్కేవారికి ఆ సంఘటన గర్వం కలిగించవచ్చు గాని, కాళ్ల వణుకు తగ్గించదు.

ఇప్పుడు ఒక గుడివాడ తల్లిని ఊహించుకోవచ్చు. ఉపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసిన ఆమెను కుమార్తె అరకు వంటి చోట జరిగే ఉత్సవంలో బెలూను ఎక్కించాలనుకుంటోంది. ఆమె మొదటి మెట్టు సొంత మేడ పిట్టగోడ. అక్కడ నిలబడి, ఊపిరి పీల్చిన దానికంటే వదలడం నిదానంగా సాగేలా చూసుకుంటూ, దడ తగ్గేదాకా కిందికి చూడటం ఆమె చేయవలసిన పని. రెండవ మెట్టు విజయవాడ గాంధీకొండ గాని, ఇంద్రకీలాద్రి మెట్లు గాని కావచ్చు. విశాఖ దాకా వెళ్లాక కైలాసగిరి రోప్‌వే మూడవది, ఎందుకంటే అక్కడ మొదటిసారిగా కాళ్ల కింద నేల ఉండదు. ఇవన్నీ కాక, ఉత్సవ స్థలంలో ఉండే మెట్టు ఒకటి చాలామంది వదిలేస్తారు. అది బెలూను ఉబ్బడం దగ్గరుండి చూడటం.

చీకటి విడవకముందే ఆ పని మొదలవుతుంది. గుడ్డను నేల మీద పొడవుగా పరిచి, పెద్ద ఫ్యానుతో చల్లగాలి నింపుతారు. సంచి సగం ఉబ్బాక పైలట్ బుట్టను పక్కకు పడుకోబెట్టి ఉంచిన స్థితిలోనే మంటను సంచి నోట్లోకి తిప్పుతాడు. ఆ మంట చప్పుడు మొదటిసారి విన్నవాళ్లెవరైనా ఉలిక్కిపడతారు. బెలూను ప్రయాణంలో అన్నిటికంటే బెదరగొట్టేది ఎత్తు కాదేమో, ఈ చప్పుడేనేమో అనిపిస్తుంది. ఆ చప్పుడును పదిసార్లు నేల మీద నుంచి విన్న మనిషి బుట్టలో పదకొండవసారి విన్నప్పుడు ఉలికిపాటు చాలా తగ్గుతుంది. నడినెత్తి మీద తగిలే సెగ కూడా అంతే, ముందే తెలిసి ఉంటే నెత్తికి నూలు టోపీ పెట్టుకుని, జడ ముడివేసుకుని వెళతారు. బుట్టకు తలుపు ఉండకపోవడం మామూలు, పక్కన అల్లికలో విడిచిన రంధ్రాల్లో పాదం పెట్టి ఎక్కి లోపలికి దిగాలి. అందువల్ల ఆ ఒక్క ఉదయానికి చీరకంటే పంజాబీ డ్రెస్సు, చెప్పులకంటే బూట్లు మేలు.

ఆ తరువాతి మెట్టు, నేల మీద నిలిచి ఉన్న బుట్టలో కాసేపు ఊరికే నిలబడటం. ఆపైది తాళ్లతో కట్టిన బెలూనులో పైకి లేచి దిగడం. దీనిని నిర్వాహకులు టెథర్డ్ రైడ్ అంటారు. కొన్ని నిమిషాల పని, ఎత్తు కూడా కొద్దిపాటిదే. దీనిని పిల్లల ఆటగా తీసిపారేసేవారు ఉన్నారు గాని, ఈ ప్రసంగం దృష్టిలో తొలిసారి ఎక్కేవారికి అన్నిటికంటే విలువైన టికెట్టు అదే. ఎందుకంటే అందులో మంట, చప్పుడు, సెగ, ఎత్తు అన్నీ ఉన్నాయి, వెనక్కి వచ్చే దారి కూడా ఉంది.

వెనక్కి వచ్చే దారి అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. తాడు విప్పాక బెలూను ప్రయాణం సుమారు గంటసేపు సాగుతుంది, మధ్యలో ఎవరికైనా బెదురు పుట్టినా అక్కడికక్కడ దించడం సాధ్యం కాదు, దిగడానికి తగిన చోటు దొరకాలి. కనుక వద్దనే హక్కు పూర్తిగా చెల్లేది నేల మీద ఉన్నంతసేపే. ఆ హక్కు తనకుందని తెలిసిన మనిషికే ధైర్యం పుడుతుంది, బలవంతాన ఎక్కించిన మనిషికి పుట్టదు. ఆ కుమార్తె "ఏం కాదులే అమ్మా" అనడానికి బదులు "ఏ మెట్టు దగ్గర ఆగుదామో నువ్వే చెప్పమ్మా, టికెట్టు డబ్బుల గురించి ఆలోచించకు" అంటే ఆ తల్లి మరో మెట్టు ఎక్కే అవకాశం ఎక్కువ. నిర్ణయం ఎవరి చేతిలో ఉందో బెదురు కూడా వారి చేతిలోనే ఉంటుంది.

అయితే అన్ని బెదురులూ అలవాటుతో పోగొట్టుకోవలసినవి కావు. కొన్ని నిజమైన ప్రమాదాలను చూపిస్తాయి. 2013 ఫిబ్రవరి 26న ఈజిప్టులోని లుక్సర్ దగ్గర బెలూనుకు మంటలంటుకుని 19 మంది మరణించారు. 2016 జూలై 30న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో లాక్‌హార్ట్ వద్ద బెలూను కరెంటు తీగలకు తగిలి 16 మంది మరణించారు. పొగమంచు, మబ్బు ఉన్నా ప్రయాణం సాగించాలని పైలట్ తీసుకున్న నిర్ణయాన్ని, అతని శరీర స్థితిని దర్యాప్తు తప్పుపట్టింది. ఆ దేశంలో ప్రయాణికులను డబ్బు తీసుకుని ఎక్కించే బెలూను పైలట్లకు వైద్య ధ్రువపత్రం తప్పనిసరి చేసింది ఆ తరువాత 2022లో. తొలి యాత్రికుడైన పిలాత్ర్ ద రోజియే సైతం 1785 జూన్ 15న మండే హైడ్రోజన్‌నూ, నిప్పునూ ఒకే బెలూనులో జతచేసి సముద్రం దాటబోయి మరణించాడు. ఇటువంటి ప్రమాదాలు అరుదు. అవి జరిగినప్పుడు మాత్రం కారణాల్లో గాలి, పొగమంచు, తీగలు, ఇంధనం, పైలట్ తీర్పు పదేపదే కనిపిస్తాయి.

కనుక ఎక్కేవారు పైలటును అడగవలసినవి కూడా వీటి గురించే. ఈ ఉదయం నేల మీద గాలి వేగం ఎంత? సాధారణంగా గంటకు సుమారు పద్దెనిమిది కిలోమీటర్లు దాటితే బయలుదేరరు. పొగమంచు విడిందా? దిగబోయే వైపు కరెంటు తీగలు ఎక్కడెక్కడ ఉన్నాయి? పైలటుకు పౌర విమానయాన డైరెక్టరేట్, అంటే డీజీసీఏ, ఇచ్చిన లైసెన్సు ఉందా? వాతావరణం బాగాలేకపోతే డబ్బు తిరిగి ఇస్తారా? చివరి ప్రశ్న పీనాసితనంలా వినిపించవచ్చు గాని, ప్రయాణం రద్దు చేస్తే నష్టపోని పైలటే నిర్భయంగా రద్దు చేయగలడు. విసుక్కోకుండా జవాబు చెప్పే పైలట్ మీద నమ్మకం కలగడం, విసుక్కునేవాడి దగ్గర వద్దనడం రెండూ సబబే.

డెల్టాలోనే, పామర్రు చుట్టుపక్కలనే ఇటువంటి ప్రయాణాలు పెట్టవచ్చు కదా అని శ్రోతలకు తోచవచ్చు. చదును నేల చూసి అలా తోచడం సహజమే గాని, ఇక్కడి పరిస్థితులు బెలూనుకు అంత అనువుగా కనిపించవు. సముద్రం దగ్గర కనుక గాలి ఎటు మళ్లినా దిగే చోటు నీరు కాకుండా ఉండాలి. ఖరీఫులో పొలమంతా నీరు. వరి కోతల సమయంలో చేను ఆరిందనుకుంటే, కోతకు ముందే చల్లిన మినుము అప్పటికే మొలిచి ఉంటుంది, దాని మీద బుట్ట దిగితే రైతు నష్టం ఎవరు భరిస్తారు? గుడివాడ, ముదినేపల్లి వైపు చేపల చెరువులు, బంటుమిల్లి, కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువులు, వాటికి నీరు తోడే మోటార్ల కోసం చెరువుగట్లన్నిటి మీదా కరెంటు తీగలు. పొద్దెక్కితే సముద్రపు గాలి మొదలవుతుంది. తూర్పారపట్టే రైతు ఎదురుచూసే గాలే బెలూను పైలటుకు పనికిరాని గాలి. అందువల్ల డెల్టావాసి తొలి ప్రయాణం డెల్టా బయటే జరుగుతుందని అనుకోవడం వాస్తవానికి దగ్గర. ఇక్కడ పొలానికి వచ్చే నష్టాన్ని లెక్కలో పెట్టకుండా పర్యాటకం పేరుతో బెలూన్లు తెచ్చే ఆలోచన ఎవరైనా చేస్తే దానిని మెచ్చుకోవడం కష్టం.

ఆరోగ్యం విషయం క్లుప్తంగా చెప్పుకుంటే సరిపోతుంది. గర్భిణులు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు, ఎముకలు గుల్లబారినవారు, గంటసేపు నిలబడలేనివారు ఎక్కకూడదు. గుండె జబ్బుకు మందులు వాడేవారు తమ వైద్యుణ్ని అడిగిన తరువాతనే టికెట్టు కొనాలి.

ఇక దిగడం. పైకి లేవడం కంటే దిగడమే శరీరానికి పని చెప్పేది, అందుకే దానిని ముందుగా నేల మీద సాధన చేయించే పైలట్ మంచి పైలట్. బుట్ట పోతున్న దిక్కుకు వీపు పెట్టి, మోకాళ్లు కొద్దిగా మడిచి, లోపలి వైపు ఉండే తాడు పిడులను రెండు చేతులా పట్టుకుని, ఫోను జేబులో పెట్టుకుని ఉండాలి. గాలి లేని రోజున బుట్ట మెత్తగా ఆనుతుంది. గాలి కొంచెం ఉంటే నేలను తాకి ఎగిరి, మళ్లీ తాకి, కొంతదూరం ఈడ్చుకుపోయి పక్కకు ఒరగవచ్చు. ఒరగడం చాలాసార్లు జరిగేదే, ముందే చెప్పి ఉంచితే ఎవరూ కేకలు పెట్టరు. గాలివాటాన వచ్చే బెలూనును వెంబడిస్తూ కింద ఒక జీపు వస్తూనే ఉంటుంది, అందులోని సిబ్బంది పరుగెత్తుకొచ్చి బుట్టను పట్టుకుంటారు. ఆ క్షణంలో ప్రయాణం అయిపోయిందన్న ఆనందంతో ఎవరైనా చటుక్కున బయటికి దూకితే, అరవై డెబ్బై కిలోల బరువు ఒక్కసారిగా తగ్గి, సంచిలో ఇంకా వేడిగా ఉన్న గాలి మిగిలినవారితో సహా బుట్టను మళ్లీ పైకి లేపగలదు. అందుకని పైలట్ పేరుపెట్టి పిలిచేదాకా అందరూ లోపలే ఉండాలి. ఒకరు దిగుతుంటే సిబ్బందిలో ఒకరు ఆ బరువుకు బదులుగా బుట్ట అంచుకు వేలాడతారు లేదా లోపలికి ఎక్కుతారు, ఆ తరువాతే రెండవవారి పేరు పిలుస్తారు.